దత్తతలో కన్నవారి హక్కులు, సమ్మతి (భారతదేశం)

నిర్వచనం, పరిధి

బిడ్డకు కన్న తల్లిదండ్రులతో ఉన్న చట్టబద్ధమైన బంధం తెగి, పెంచుకునేవారితో కొత్త బంధం శాశ్వతంగా ఏర్పడటం దత్తత. మొదటి బంధం తెగడానికి కన్నవారు తెలిపే అంగీకారమే ఈ వ్యాసంలో చెప్పే సమ్మతి. చదువు కోసం మేనమామ ఇంట్లో ఉంచడం, ఫోస్టర్ కేర్, కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి నియమించడం దత్తత కిందికి రావు. వాటిలో బిడ్డ ఎక్కడ పెరిగినా కన్నవారు కన్నవారిగానే ఉంటారు.

దేశంలో దత్తతకు రెండు చట్టాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956) హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. జువెనైల్ జస్టిస్ చట్టం (2015), అంటే బాల న్యాయ చట్టం, మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. 1956 చట్టం కింద కన్నవారు తమ బిడ్డను తామెరిగిన కుటుంబానికి నేరుగా ఇస్తారు. బాల న్యాయ చట్టం కింద బిడ్డను ప్రభుత్వ వ్యవస్థకు అప్పగిస్తారు, ఆ తర్వాత బిడ్డ ఎవరింటికి చేరిందో వారికి చెప్పరు. సమ్మతి గురించిన నియమాలు ఈ రెండింటిలో అంత వేరుగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే.

చరిత్ర: ధర్మశాస్త్రాల నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా

ధర్మశాస్త్రాలు పన్నెండు రకాల పుత్రుల్ని చెప్పాయి. తల్లిదండ్రులు ఇచ్చిన దత్తకుడు, తల్లిదండ్రులు వదిలేసిన అపవిద్ధుడు, కొనుక్కున్న క్రీతుడు, తనను తానే ఇచ్చుకున్న స్వయందత్తుడు వారిలో కొందరు. ఆంగ్లేయుల కోర్టులు ఏర్పడేనాటికి దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో దత్తకుడు ఒక్కడే మిగిలాడు. నందపండితుడి 'దత్తక మీమాంస', కుబేరుడి పేర ఉన్న 'దత్తక చంద్రిక' ఆ కోర్టులకు ముఖ్యమైన ఆధార గ్రంథాలయ్యాయి.

పాత హిందూ న్యాయంలో బిడ్డను ఇచ్చే అధికారం తండ్రిది. భార్యను సంప్రదించడం మంచిదన్నారు గాని, ఆమె ఒప్పుకోకపోయినా దత్తత చెల్లేది. భర్త చనిపోతే, అతను బతికుండగా వద్దని చెప్పి ఉండకపోతే, తల్లి ఇవ్వవచ్చు. ఈ ఇద్దరికి తప్ప మరెవరికీ, తాతకు గాని అన్నకు గాని, ఆ అధికారం లేదు. దీంతో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లవాణ్ణి దత్తత తీసుకునే దారే లేకపోయింది. ఇంటి అవసరం ఎక్కువగా ఉన్న అనాథకే దత్తత తలుపులు మూసుకుపోవడం ఆ న్యాయంలోని పెద్ద వైరుధ్యం.

తీసుకునే వైపు వివాదాలు ఎక్కువగా వితంతువుల చుట్టూ నడిచాయి. భర్త అనుమతి లేకుండా వితంతువు దత్తత తీసుకోవచ్చా అన్నదానికి ఒక్కో ప్రాంతం ఒక్కో జవాబు ఇచ్చింది. రామనాథపురం జమీందారీ కేసులో 1868లో ప్రీవీ కౌన్సిల్ (అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు) ఇచ్చిన తీర్పుతో, మద్రాసు ప్రెసిడెన్సీలో భర్త అనుమతి లేకపోయినా అతని సపిండుల (దగ్గరి రక్తబంధువుల) సమ్మతి ఉంటే చాలన్నది స్థిరపడింది. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1956 దాకా నడిచింది ఈ సూత్రమే. ఏకైక కుమారుణ్ణి ఇవ్వకూడదన్న వసిష్ఠుడి నిషేధం మీద కూడా ఒక తెలుగు కుటుంబం తగాదా ప్రీవీ కౌన్సిల్‌కు చేరింది. బాలుసు గురులింగస్వామి కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1899లో తీర్పు వచ్చింది. శాస్త్రం చెప్పింది హితవే గాని ఆంక్ష కాదనీ, ఒక్కగానొక్క కొడుకును ఇచ్చినా దత్తత చెల్లుతుందనీ కౌన్సిల్ అంది.

*ఇల్లటం.* ఆంధ్ర ప్రాంతంలో కొన్ని వ్యవసాయ కులాల్లో, ముఖ్యంగా రెడ్డి, కమ్మ కుటుంబాల్లో, అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆస్తిలో వాటా ఇచ్చే ఆచారాన్ని కోర్టులు గుర్తించాయి. ఇల్లటం అల్లుడు దత్తపుత్రుడు కాడు. కన్నవారి ఇంట్లో అతని హక్కులు పోవు. కనుక ఇక్కడ ఇచ్చే సమ్మతి అన్న ప్రశ్నే రాదు.

1956 చట్టం: ఇచ్చే అధికారం

1956 డిసెంబరు 21న అమల్లోకి వచ్చిన చట్టం కుమార్తె దత్తతను కూడా చట్టబద్ధం చేసింది. తొమ్మిదో సెక్షన్ ప్రకారం బిడ్డను ఇవ్వగలిగేది తండ్రి, తల్లి, సంరక్షకుడు మాత్రమే. మొదట్లో ఈ సెక్షన్ కూడా తండ్రికే ముందు పీట వేసింది. తండ్రి ఇస్తే తల్లి సమ్మతి కావాలి. తండ్రి చనిపోతేనో, సన్యసిస్తేనో, హిందువు కాకుండా పోతేనో, మతిస్థిమితం లేదని కోర్టు తేలిస్తేనో తప్ప తల్లికి స్వయంగా ఇచ్చే అధికారం లేదు. 2010లో వచ్చిన వ్యక్తిగత చట్టాల సవరణ దీన్ని మార్చింది. ఇప్పుడు తల్లికీ తండ్రికీ సమాన హక్కు ఉంది. ఎవరు ఇచ్చినా రెండోవారి సమ్మతి తప్పనిసరి.

రెండోవారి సమ్మతి అక్కర్లేని సందర్భాలు మూడే: వారు పూర్తిగా, శాశ్వతంగా లోకాన్ని త్యజించడం, హిందువుగా ఉండటం మానడం, మతిస్థిమితం లేనివారని అధికారం గల కోర్టు ప్రకటించడం. ఈ జాబితాలో విడాకులు లేవు, విడిగా ఉండటం లేదు, భరణం ఎగ్గొట్టడమూ లేదు. విడాకులు తీసుకున్న తల్లి తన కొడుకును అన్నావదినలకు దత్తత ఇవ్వాలనుకుంటే, ఏళ్ల తరబడి మొహం చూపించని మాజీ భర్త సంతకం కూడా ఉండాలి. పెళ్లి రద్దయినా పితృత్వం రద్దు కాదన్నది చట్టం వైఖరి.

తల్లిదండ్రులిద్దరూ చనిపోయినా, సన్యసించినా, బిడ్డను వదిలేసినా, ఇద్దరికీ మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినా, అసలు కన్నవారెవరో తెలియకపోయినా సంరక్షకుడు కోర్టు ముందస్తు అనుమతితో దత్తత ఇవ్వవచ్చు. 1962 సవరణ ఈ దారిని విశాలం చేసింది. అనుమతి ఇచ్చే ముందు కోర్టు బిడ్డ క్షేమాన్ని, వయసును, గ్రహింపును బట్టి బిడ్డ ఇష్టాన్ని చూస్తుంది, డబ్బు చేతులు మారలేదని నిర్ధారించుకుంటుంది. కూతురు పోయి, అల్లుడు జాడ లేక, మనవరాలిని సాకుతున్న అమ్మమ్మ తాతయ్యలు తెలుగు పల్లెల్లో అరుదేమీ కాదు. ఎంతకాలం పెంచినా ఆ పిల్లను మరొకరికి దత్తత ఇచ్చే అధికారం పెంచినందువల్ల రాదు. వారు కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకోవాలి.

సమ్మతి ఉన్నంత మాత్రాన దత్తత పూర్తి కాదు. బిడ్డను నిజంగా ఇవ్వడం, నిజంగా తీసుకోవడం జరగాలి. దత్తహోమం తప్పనిసరి కాదని చట్టమే చెప్పింది. రిజిస్ట్రేషన్ కూడా చెల్లుబాటుకు షరతు కాదు. కాకపోతే ఇచ్చినవారు, తీసుకున్నవారు ఇద్దరూ సంతకాలు చేసిన దస్తావేజు రిజిస్టరై ఉంటే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు ముందుగా భావిస్తుంది (16వ సెక్షన్). కాదని రుజువు చేసే భారం ఎదుటి పక్షంపై పడుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకునే దత్తత దస్తావేజుకు ఉన్న విలువ ఇదే.

పూర్తయిన దత్తతను కన్నవారు గాని, పెంచుకున్నవారు గాని, బిడ్డ గాని రద్దు చేసుకోలేరు (15వ సెక్షన్). ఇరుపక్షాలూ రాజీపడి రాసుకున్న దత్తత రద్దు పత్రానికి, అది స్టాంపు పేపరు మీద ఉన్నా, విలువ లేదు.

తీసుకునేవారిలో భార్యాభర్తల సమ్మతి

పెళ్లయిన పురుషుడు దత్తత తీసుకోవాలంటే భార్య సమ్మతి ఉండాలి. 2010 సవరణ తర్వాత భర్త సమ్మతితో భార్య కూడా స్వయంగా దత్తత తీసుకోవచ్చు. అంతకు ముందు పెళ్లయిన స్త్రీకి ఆ హక్కు లేదు.

భార్య మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టేనా అన్న ప్రశ్నకు 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా జవాబిచ్చింది. దత్తత తంతు జరుగుతున్నచోట పదిమందిలో ఒకరిగా ఆమె కూర్చుని ఉండటం సమ్మతి కాదు. ఆమె మాటలోనో, చేతలోనో, రాతలోనో అది తేటతెల్లంగా కనిపించాలి. హైదరాబాద్ హైకోర్టు నుంచి వెళ్లిన మరో కేసులో 2020లో ఇదే కోర్టు ఇంకొంచెం కఠినంగా వ్యవహరించింది. చిన్నప్పుడే కన్నవారిని కోల్పోయిన ఒక స్త్రీ, తనను పెంచిన దంపతుల దత్తపుత్రికనని దావా వేసింది. పెంచిన తల్లి, ఆమె తన చెల్లెలి కూతురేననీ దత్తత తీసుకోలేదనీ అంది. పెంచారనడానికి ఆధారాలున్నాయి. భార్య సమ్మతికి, ఇచ్చి పుచ్చుకోవడానికి రుజువు లేదు. కోర్టు దావాను తోసిపుచ్చింది. పెంపకం ఎంత దీర్ఘమైనా దానంతటది దత్తతగా మారదు.

బాల న్యాయ చట్టం: అప్పగింత

అక్రమ మార్గాల్లో విదేశాలకు పోతున్న పిల్లల గురించి న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే రాసిన లేఖను రిట్ పిటిషన్‌గా తీసుకుని, 1984లో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ వ్యవస్థకు పునాది. బిడ్డ పుట్టకముందు గాని, పుట్టిన మూడు నెలల్లోపు గాని, దత్తత నిర్ణయం తీసుకోవడానికి కన్నవారిని పురిగొల్పకూడదు, అనుమతించనూ కూడదు అని కోర్టు అందులో చెప్పింది. 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ (కారా) ఏర్పడింది. 2015 చట్టం దానికి చట్టబద్ధమైన హోదా ఇచ్చింది.

ఇప్పుడు అప్పగింత 35వ సెక్షన్ కింద జరుగుతుంది. తమ చేతుల్లో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు బిడ్డతో సహా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు రావాలి. కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. మొదట కౌన్సెలింగ్. బిడ్డను మీ దగ్గరే ఉంచుకోవడానికి దారి ఉందేమో చూడమని చెప్పడం, గడువు దాటితే అప్పగింత వెనక్కి తీసుకోవడానికి ఉండదని వివరించడం అందులో భాగం. అప్పటికీ మాట మారకపోతే కమిటీ సమక్షంలో అప్పగింత పత్రం రాస్తారు. బిడ్డ శిశుగృహకో, గుర్తింపు పొందిన మరో ప్రత్యేక దత్తత సంస్థకో చేరుతుంది. అక్కడి నుంచి రెండు నెలల పునరాలోచన గడువు మొదలవుతుంది. ఈలోగా తల్లి వచ్చి నా బిడ్డ నాకు కావాలంటే ఇవ్వాల్సిందే. గడువు ముగిశాక కమిటీ బిడ్డను దత్తతకు చట్టపరంగా అర్హురాలిగా ప్రకటిస్తుంది. దానికి కనీసం ముగ్గురు సభ్యుల నిర్ణయం ఉండాలి.

ఎవరు సంతకం చేయాలన్నది దత్తత నిబంధనలు (2022) చెబుతాయి:

- దంపతులకు పుట్టిన బిడ్డ అయితే ఇద్దరూ సంతకం చేయాలి. ఒకరు చనిపోతే మరణ ధ్రువపత్రం చూపాలి.
- దంపతుల్లో ఒకరే వచ్చి, రెండోవారి జాడ తెలియకపోతే, ఆ బిడ్డను అప్పగించిన బిడ్డగా కాక వదిలేసిన బిడ్డగా పరిగణిస్తారు.
- పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డను తల్లి మాత్రమే అప్పగించగలదు. ఆమె మైనరైతే వెంట వచ్చిన పెద్దవారు సాక్షిగా సంతకం పెడతారు.

మూడో సందర్భంలో మైనర్ తల్లి విషయం పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం (పోక్సో) కింద పోలీసులకు చేరక తప్పదు. పరువు పోతుందన్న భయంతో కుటుంబాలు కమిటీ గడప తొక్కకపోవడానికి ఇదొక కారణం. అప్పగించిన బిడ్డ గురించి పత్రికా ప్రకటన ఇవ్వకూడదని, కన్నవారి గోప్యత కాపాడాలని నిబంధనలు అంటున్నా, ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

పరిస్థితుల ఒత్తిడితో బిడ్డను వదిలేసిన కన్నవారిని క్రూరత్వం కింద శిక్షించకూడదని 75వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది.

సమ్మతి లేకుండా జరిగే దత్తతలు

చెత్తకుప్ప దగ్గరో, బస్టాండులోనో, వదిలేసే శిశువుల కోసం పెట్టిన ఊయలలోనో దొరికిన బిడ్డ విషయంలో సమ్మతి అడగడానికి ఎవరూ ఉండరు. దాని బదులు చట్టం వెతుకులాటను పెట్టింది. బిడ్డ దొరికిన 24 గంటల్లో పోలీసులకో, చైల్డ్‌లైన్‌కో, కమిటీకో చెప్పాలి. పత్రికల్లో ఫొటోతో ప్రకటన వేస్తారు. రెండేళ్ల లోపు బిడ్డ అయితే రెండు నెలల్లోపు, అంతకు పైబడితే నాలుగు నెలల్లోపు కన్నవారి కోసం వెతకడం ముగించి నిర్ణయం తీసుకోవాలి. మానసిక వైకల్యం ఉన్న తల్లిదండ్రుల బిడ్డను, లైంగిక దాడి బాధితురాలికి అక్కర్లేని బిడ్డను కూడా కమిటీ తగిన విధానం పాటించి దత్తతకు ప్రకటించవచ్చు (38వ సెక్షన్).

పిల్లల సమ్మతి

1956 చట్టంలో పిల్లల ఇష్టం ప్రస్తావన సంరక్షకుడు ఇచ్చే సందర్భంలోనే వస్తుంది. కన్నవారు నేరుగా ఇస్తుంటే, పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణయినా అడగాలన్న నియమం అందులో లేదు. పదిహేనేళ్లు నిండినవారిని ఆచారం ఉంటే తప్ప దత్తత తీసుకోకూడదన్నది ఒక్కటే బిడ్డ వయసు మీద ఉన్న అడ్డు. దత్తత నిబంధనలు మాత్రం అయిదేళ్లు, ఆపైన వయసున్న పిల్లల సమ్మతి కోరుతున్నాయి. ఈ తేడాను సరిచేయాలన్న వాదన న్యాయ చర్చల్లో ఉంది.

సవతి తల్లిదండ్రులు, బంధువులు, విదేశాల్లోని కుటుంబాలు

బాల న్యాయ చట్టంలో బంధువు అంటే పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, అమ్మమ్మ తాతయ్య, నాన్నమ్మ తాతయ్యలు. వీరి దత్తతకు కన్నవారి సమ్మతి, అది కుదరని చోట కమిటీ అనుమతి, అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కావాలి. సవతి తండ్రి లేదా సవతి తల్లి దత్తతలో బిడ్డ కస్టడీ మీద కేసు నడుస్తుంటే అది తేలేదాకా దత్తత మొదలుపెట్టరు.

తండ్రి చనిపోయాక తాతానాన్నమ్మల మాట ఎంతవరకు చెల్లుతుందన్నది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో తేలింది. భర్త చనిపోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంది, బిడ్డను రెండో భర్త తర్వాత, కేసు సుప్రీంకోర్టులో ఉండగా, దత్తత తీసుకున్నాడు. తాతానాన్నమ్మలు వేసిన ఆ కేసులో బిడ్డ ఇంటిపేరు కన్నతండ్రిదే ఉండాలని, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగానే చూపాలని హైకోర్టు అంది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు తల్లే ఏకైక సహజ సంరక్షకురాలు, ఇంటిపేరు నిర్ణయించడం, దత్తత ఇవ్వడం ఆమె హక్కు అని చెప్పింది.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తోబుట్టువుకు బిడ్డను ఇవ్వాలనుకునే తెలుగు కుటుంబాలు తరచూ దత్తత దస్తావేజు ఒక్కటే చాలనుకుంటాయి. అది చాలదు. అంతర్దేశీయ దత్తతపై 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. దాని ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఉండాలి, డబ్బు ఆశ చూపి తీసుకోకూడదు, తల్లి సమ్మతి బిడ్డ పుట్టిన తర్వాతే తీసుకోవాలి. 1956 చట్టం కింద జరిగిన దత్తతకైనా కారా నుంచి పత్రాలు రాకుండా బిడ్డ ప్రయాణం ముందుకు సాగదు.

ముస్లిం, క్రైస్తవ, పార్సీ కుటుంబాలు

ముస్లిం వ్యక్తిగత చట్టం దత్తతను గుర్తించదు. క్రైస్తవ, పార్సీలకు ప్రత్యేక దత్తత చట్టం లేదు. వీరు చాలాకాలం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. అప్పటికి అమల్లో ఉన్న పాత బాల న్యాయ చట్టం ఇష్టమైనవారు వాడుకునే చట్టమనీ, ఏ మతం వారైనా దాని కింద దత్తత తీసుకోవచ్చనీ 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దత్తత తీసుకోవడాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

సొమ్ము, నేరాలు

డబ్బు తీసుకుని ఇచ్చిన సమ్మతిని రెండు చట్టాలూ నేరంగానే చూస్తాయి. 1956 చట్టం ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధిస్తుంది. బాల న్యాయ చట్టం కింద బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. బిడ్డ బాధ్యత చూస్తున్న ఆసుపత్రి సిబ్బంది వంటివారు చేస్తే శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. అనాథను, వదిలేసిన లేదా అప్పగించిన బిడ్డను విధానం పాటించకుండా దత్తత ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. నర్సింగ్ హోంలో మధ్యవర్తి నోటరీ కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పసిబిడ్డను చేతులు మార్చడం ఈ సెక్షన్లలో ఏదో ఒకదాని కిందికి వచ్చే అవకాశం ఎక్కువ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సమస్య 1990ల చివర బయటపడింది. నల్లగొండ తదితర జిల్లాల లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్ది మొత్తాలకు తెచ్చి, తల్లుల వేలిముద్రలున్న పత్రాలతో విదేశీ దత్తతలకు పంపుతున్నారని హైదరాబాద్‌లోని కొన్ని సంస్థలపై ఆరోపణలు, పోలీసు కేసులు వచ్చాయి. 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం, ఎక్కువమంది సంతానం, ఆడపిల్ల అన్న కారణాలతో బిడ్డలను అప్పగించడాన్ని నిషేధించింది. తల్లి వేలిముద్ర ఉన్నంత మాత్రాన అది సమ్మతి కాదన్న వాదన దీని వెనుక ఉంది. దారి మూసేస్తే పిల్లలు చాటుగా చేతులు మారతారని, తల్లి నిర్ణయించుకునే హక్కును కాదనడమవుతుందని వ్యతిరేకులు అన్నారు. తర్వాత వచ్చిన కేంద్ర చట్టం నిషేధానికి బదులు కమిటీ విచారణ, గడువు అన్న మార్గం ఎంచుకుంది.

ఇతర దేశాల్లో

ఇంగ్లండ్, వేల్స్‌లలో బిడ్డ పుట్టిన ఆరు వారాల లోపు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదు. బిడ్డ క్షేమం కోరితే కోర్టు కన్నవారి సమ్మతిని పక్కన పెట్టగలదు. అమెరికాలో గడువులు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. మూలవాసుల పిల్లల విషయంలో మాత్రం 1978 నాటి ఫెడరల్ చట్టం పుట్టిన పది రోజుల లోపు సమ్మతిని గుర్తించదు. ఆస్ట్రేలియాలో పెళ్లికాని తల్లుల నుంచి ఒత్తిడి చేసి బిడ్డలను తీసుకున్న పాత విధానాలకు 2013 మార్చి 21న ప్రధాని జూలియా గిలార్డ్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

దత్తత తర్వాత కన్నవారి స్థానం

1956 చట్టంలో దత్తత జరిగిన రోజు నుంచి, బాల న్యాయ చట్టంలో దత్తత ఉత్తర్వు రోజు నుంచి కన్నవారి హక్కులూ బాధ్యతలూ ముగుస్తాయి. ఈ ఉత్తర్వును ఇంతకుముందు కోర్టు ఇచ్చేది. 2021 సవరణ 2022 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాక జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, ఇస్తున్నారు. 1956 చట్టం కింద రెండు పోగులు మిగులుతాయి: పుట్టిన కుటుంబంలో పెళ్లికి నిషిద్ధమైన వరసలు నిషిద్ధంగానే ఉంటాయి, దత్తతకు ముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి బిడ్డదే.

కన్నవారి జాడ తెలుసుకోవడానికి పద్దెనిమిదేళ్లు నిండిన దత్తత బిడ్డ స్వయంగా, అంతకు తక్కువ వయసైతే పెంచినవారితో కలిసి, దరఖాస్తు చేయవచ్చు. మూడో వ్యక్తికి ఆ హక్కు లేదు. అప్పగించేటప్పుడు కన్నవారు తమ వివరాలు చెప్పవద్దని కోరి ఉంటే, మళ్లీ వారి సమ్మతి తీసుకున్నాకే సమాచారం ఇస్తారు. వారు ఒప్పుకోకపోతే, బిడ్డను ఏ కారణాలతో, ఏ పరిస్థితుల్లో అప్పగించారో దరఖాస్తుదారుకు తెలియజేస్తారు.